నాలుగు ముప్పయ్యారు బడి వెడల్పు

మూడో తరగతి చేతిపని గది దస్త్రం. దిగువకు వచ్చిన 63వ ఏడు.
రాసేది ఆవుల భాగ్యవతి, వయసు 71.

1వ వారం, సోమవారం

ఈ రోజు దస్త్రం నా చేతికి వచ్చింది. ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఎనిమిదేళ్లు తూకాలు రాశాను కాబట్టి నాకు ఇచ్చారు. ఇక్కడా నియమాలు అవే. రాసింది చెరపకూడదు. తప్పు కనబడితే ఒక్క ఎర్రగీత కొట్టి, పక్కన సరైన అంకె వేయాలి. కొట్టేసిన అంకె చదవడానికి వీలుగా ఉండాలి.

సరుకు: మట్టి 11 కిలోల 400 గ్రాములు. చింతగింజలు 960. కత్తెరలు 6. నూలు తాడు 6 చుట్లు. చిల్లుల డబ్బా 1. గది వెనక అడ్డంగా వేసిన పొడుగు బల్ల 1, పొడవు 432 సెంటీమీటర్లు. పిల్లలు 24, నలుగురేసి ఆరు జట్లు.

టీచర్ అజ్మీరా చాందిని. ఇరవయ్యారేళ్లు. పోయిన ఏడాది వరకు ఈ పిల్లలు తెర చూసే చదువుకున్నారు. ఏడో ఎక్కం తడుముకోకుండా చెప్పే పిల్లను ఏడు గింజలు ఏరి ఇమ్మంటే ఆరు ఇచ్చిందట. అందుకని మూడో తరగతికి రోజూ రెండు గంటలు తెర ఆపి, చేత్తో చేసే పాఠం పెట్టారు. ఏడాది చూసి, బాగుంటే మిగతా తరగతులకూ పెడతారు.

మొదటి పాఠం గది వెడల్పు కొలవడం. టీచర్ ఎదురెదురు గోడల మీద సున్నంతో ఒక్కో చుక్క పెట్టింది. పిల్లలు తాడుకు పది సెంటీమీటర్లకు ఒక ముడి వేసి, ఈ చుక్క నుంచి ఆ చుక్కకు బిగించి, ముడులు లెక్కపెట్టాలి. చివరి తునకను చెక్క బద్దతో కొలవాలి. ప్రతి సోమవారం ఇదే పని. చేయి కుదిరేవరకు.

జవాబు అందరికీ తెలిసిందే. నేల కింద, ఈ దిగువన, ప్రతి సొరంగానికీ సెంటీమీటర్లలో దాని వెడల్పే పేరు. మా ఇల్లు 385లో. టీచర్ పుట్టింది 405లో. 510 వాళ్లు మనతో మాట్లాడేటప్పుడు గడ్డం కొంచెం పైకి ఉంటుంది. ఈ బడి 436. తలుపు మీది రేకులో చెక్కి ఉంది. పిల్లలకు అమ్మానాన్నల పేర్లకంటే ముందు ఆ అంకె నేర్పుతాం, తప్పిపోతే చెప్పడానికి.

ఐదు జట్లు 436 తెచ్చాయి. ఒక జట్టు 446 తెచ్చింది, ముడి రెండుసార్లు లెక్కపెట్టి. ఎర్రగీత కొట్టాను.

నాలుగో జట్టులో నా మనవరాలు కిన్నెర ఉంది. ఎనిమిదేళ్లు. బడి వేళలో నేను నాయనమ్మను కానని ఇంట్లోనే చెప్పాను.

"మరేమని పిలువాలె?" అని అడిగింది.

"దస్త్రం మేడం."

"నీళ్లు తాగాల్నన్నా గట్లనే అడగాల్నా?"

"నీళ్లకు టీచర్నడుగు."

2వ వారం, బుధవారం

భిన్నాల పాఠం. మట్టితో రొట్టెలు చేసి కోశారు. మూడింట ఒక వంతు పెద్దదా, నాలుగింట ఒక వంతు పెద్దదా అని టీచర్ అడిగితే, తెర ముందు పెరిగిన పిల్లలు నాలుగే పెద్దదన్నారు. కోసి పక్కపక్కన పెట్టాక పది నిమిషాలు గొడవ. అఫ్రోజ్ అనే పిల్లవాడు ఒప్పుకోలేదు. "ఆని రొట్టెనే పెద్దగ జేసిండు టీచర్!" అన్నాడు. తూచి చూపించాను. రెండు రొట్టెలూ 200 గ్రాములే. అప్పుడు ఊరుకున్నాడు.

సాయంత్రం మట్టి తూకం 11 కిలోల 380 గ్రాములు. 20 గ్రాములు గోళ్లలో పోయింది. ఇకపై గోళ్లు గిన్నెలో కడగాలి.

వెడల్పు సోమవారం ఆరు జట్లూ 436. కాపలా కన్ను దీపం పచ్చ. ఈ కన్ను ప్రతి సొరంగంలోనూ కప్పు కింద ఉంటుంది. కాంతితో గోడకూ గోడకూ మధ్య చూసి, ఒక్క రోజులో రెండు మిల్లీమీటర్లకు మించి కదిలితే ఎర్రబడుతుంది. రోజూ ఉదయం దాని రంగు చూసి టిక్కు పెట్టడం నా పనుల్లో ఒకటి.

4వ వారం, సోమవారం

వెడల్పు: నాలుగు జట్లు 435. రెండు జట్లు 435½.

ఆరింటికీ ఎర్రగీత కొట్టి 436 వేశాను.

కారణం ఆలోచించాను. నూలు తాడు లాగిలాగి సాగుతుంది. సాగితే ముడికీ ముడికీ మధ్య దూరం పెరుగుతుంది, కాబట్టి లెక్కకు తక్కువ ముడులు వస్తాయి. కొలత తగ్గుతుంది. ఇది తాడు దోషం. టీచర్‌కు చెప్పి గిలక మీది పాత నైలాన్ తాడు ఇప్పించాను. ముడులు కొత్తగా వేయించాను.

శనివారం పొడుగు బల్లను ఎత్తి, బయట కడిగి తిరిగి పెట్టారు. అటూ ఇటూ ఒక వేలు పట్టే సందు ఉంది.

5వ వారం, సోమవారం

కొత్త తాడు. వెడల్పు: ఐదు జట్లు 434½. ఒక జట్టు 435.

తాడు సాగలేదు. బద్దతో ముడి ముడికీ సరిచూశాను. ఆరు జట్లూ ఒకే వైపుకు, దాదాపు ఒకే మేరకు తప్పాయి. వేరు వేరుగా చేసిన తప్పులు ఇలా ఒకే వరసలో రావు. ఒకరిది చూసి ఒకరు రాస్తున్నారు. ఆరు ఎర్రగీతలు.

వచ్చే వారం నుంచి ఒక్కో జట్టూ విడిగా లోపలికి వచ్చి కొలవాలి. 436 తేని జట్టుకు ఆ వారం మట్టి ఇవ్వను. టీచర్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అవ్వా, చిన్న పిల్లలు. అర సెంటీమీటరుకు మట్టి బంద్ చేసుడేంది?"

"ఇది అర కాదు, ఒకటిన్నర. గిడ్డంగిల నేను ఒకటిన్నర తప్పు రాస్తే ఎవరి ఇంట్లనో అన్నం తక్కువైతుండె."

"ఇది గిడ్డంగి కాదు గదా."

"లెక్క ఎక్కడైనా లెక్కనే, చాందిని."

ఆమె పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. అంకెలు దిద్దే పని దస్త్రం రాసేవారిదని నియమంలో ఉంది.

7వ వారం, సోమవారం

పోయిన వారం రెండు జట్లు 436 తెచ్చాయి, మిగతా నాలుగింటికీ ఆ ఒక్క వారం హెచ్చరించి మట్టి ఇచ్చాను. ఈ వారం ఐదు. పద్ధతి పని చేస్తోంది. కాగితం మీద ఇంత శుభ్రమైన వారం ఇదే మొదటిది.

తప్పింది నాలుగో జట్టు ఒక్కటే: 434. కిన్నెర అంకె చెప్తూ నా మొహంలోకి చూసింది.

"మల్ల కొలువు," అన్నాను.

కొలిచింది. మళ్లీ 434.

"గది పేరెంత?"

"నాలుగు ముప్పయ్యారు."

"మరి నీకు నాలుగు ముప్పై నాలుగు ఎట్లొచ్చింది?"

"పేరైతే గదే మేడం. తాడేమో గింతే అంటుంది."

ఎర్రగీత కొట్టాను. నాలుగో జట్టుకు మట్టి లేదు. మిగతా ఇరవై మంది మట్టితో పాత కాలపు ఎద్దులబండి చేశారు. ఎద్దు ఎలా ఉంటుందో చూసింది గదిలో నేనొక్కదాన్నే. మూపురం వీపు మధ్యలో ఉండదు, మెడ దగ్గర ఉంటుందని చెప్పి దిద్దించాను.

8వ వారం, శనివారం

సోమవారం వెడల్పు: ఐదు జట్లు 436. నాలుగో జట్టు 433½. ఎర్రగీత.

పొడుగు బల్ల కడగడానికి తీస్తుంటే రెండు కొసలూ గోడకు రాసుకున్నాయి. కొసల మీద సున్నం అంటింది. బల్ల మీద తడి ఆరకముందే వాడుతున్నారేమో అని రాసుకున్నాను. చెక్క తడికి ఉబ్బుతుంది.

ఈ వారం వాన పాఠం. చిల్లుల డబ్బాలో నీళ్లు పోసి, పై నుంచి ఊపి, కింద పళ్లెంలో ఎన్ని నీళ్లు పడ్డాయో కొలవాలి. నీళ్లు నిట్టనిలువుగా పడుతున్నాయి. నిజం వాన అలా పడదని చెప్పాను. డబ్బాను ఏటవాలుగా పట్టించాను. పిల్లలంతా గోడకు నక్కి అరిచారు. పోసిన నీళ్లు 3 లీటర్లు. తిరిగి వచ్చినవి 2 లీటర్ల 640. మిగతావి వాళ్ల బట్టల్లో ఉన్నాయి.

10వ వారం, సోమవారం

ఐదు జట్లు 436. నాలుగో జట్టు 432½. ఎర్రగీత.

కిన్నెర జట్టులోని ముగ్గురు పిల్లలు టీచర్ దగ్గరికి వెళ్లి జట్టు మార్చమన్నారు. కారణం అడిగితే ఒక పిల్ల, "దాంతోనుంటే మాకు మట్టి దొరుకుతలేదు టీచర్," అంది. న్యాయమే. మార్చారు. కిన్నెర ఒక్కతే నాలుగో జట్టు.

ఇంట్లో ఆ పిల్ల నాతో మామూలుగానే మాట్లాడుతోంది. కూర బాగుందనీ, జడ బిగించొద్దనీ చెప్తుంది. కొలత సంగతి ఎత్తదు. నేనూ ఎత్తను. బడిలో నాయనమ్మను కానప్పుడు ఇంట్లో దస్త్రం మేడంను ఎలా అవుతాను?

11వ వారం, సోమవారం

తాడు కొలవడానికి ఇద్దరు కావాలి. కిన్నెరకు అవతలి కొస పట్టేవారు లేరు. టీచర్ పట్టబోయింది. నియమం ప్రకారం కొలత పిల్లలదే అయి ఉండాలని ఆపాను.

పిల్ల మధ్యాహ్నం తన జొన్న జావలో అడుగున మిగిలిన ముద్దను మూతలో దాచి తెచ్చుకుంది. తాడు కొసను చుక్క మీద పెట్టి, ఆ ముద్దతో అంటించి, ఆరేవరకు అరచేత్తో అదిమి నిలబడింది. పదకొండు నిమిషాలు. తరువాత మెల్లగా ఇవతలికి వచ్చి బిగించింది. రెండుసార్లు ఊడింది. మూడోసారి నిలిచింది.

432.

"మిగతా ఐదు జట్లకు 436 వచ్చింది," అన్నాను.

"వాళ్ల తాడు నేను చూల్లేదు మేడం."

ఎర్రగీత కొట్టాను. గోడ మీది జావ తుడిపించాను.

12వ వారం, శనివారం

సోమవారం వెడల్పు: ఐదు జట్లు 436. కిన్నెర 431½. ఎర్రగీత.

ఈ రోజు పొడుగు బల్ల కదల్లేదు. నలుగురు పెద్దవాళ్లు లాగినా రాలేదు. మధ్యలో కొద్దిగా పైకి వంగింది. పిల్లలు దాని నడుమ చింతగింజ పెట్టి, ఎటు దొర్లుతుందో పందెం కాస్తున్నారు. రెండు వైపులకూ దొర్లుతోంది.

చెక్క ఉబ్బిందని రాయబోయి ఆగాను. చెక్క తడికి అడ్డంగా ఉబ్బుతుంది. పొడవునా ఉబ్బదు. గిడ్డంగి తలుపులతో ముప్పై ఎనిమిదేళ్లు వేగాను, ఆ మాత్రం తెలుసు.

మొదటి పుట తిప్పి సరుకు జాబితా చూశాను. పొడుగు బల్ల, 432 సెంటీమీటర్లు. నా చేత్తోనే కొలిచి రాసింది. 436 గదిలో 432 బల్ల బిగుసుకోకూడదు.

పిల్లలు వెళ్లాక తాడు తీసుకున్నాను. నాకూ అవతలి కొస పట్టేవారు లేరు. వంటగది నుంచి జావ తెచ్చాను.

431. మళ్లీ కొలిచాను, 431. తాడు మార్చి కొలిచాను, 431.

కాపలా కన్ను పచ్చగానే ఉంది.

13వ వారం, సోమవారం

జట్లను విడిగా పిలవలేదు. అందరినీ కూర్చోబెట్టి, కోపం చేయనని ముందే చెప్పి అడిగాను. 436 ఎవరికి వచ్చింది?

ఎవరూ చేయి ఎత్తలేదు. తలలు వంచుకున్నారు. చివరికి అఫ్రోజ్ లేచాడు.

"మేం కొలుస్తలేం మేడం."

"ఎప్పటి సంది?"

"కొందరం ఆరో వారం సంది, అందరం ఏడో వారం సంది. లోపటికొచ్చి ముడులు లెక్కపెడుతున్నట్టు జేస్తం. మీరు రాసుకుంట ఉంటరు గదా, మా దిక్కు చూడరు."

"ఎందుకట్ల?"

వాడు ఇది కూడా అడగాలా అన్నట్టు చూశాడు. "నాలుగు ముప్పయ్యారంటే మట్టిస్తున్రు గదా మేడం."

ఆరు వారాలు ఐదు జట్ల అంకె నేను చెప్పిన అంకె. నేను నా రాతనే చదువుకుని సరిపోయిందని అనుకున్నాను.

ఇప్పుడు అందరూ కొలవాలని, వచ్చిందే చెప్పాలని, ఏం చెప్పినా మట్టి ఇస్తానని చెప్పాను. ఐదు జట్లు 430½. ఒకటి 431. ఏ అంకెకూ గీత కొట్టలేదు.

టీచర్ గోడకు చేయి ఆనించి నిలబడింది. "అవ్వా, గోడలు దగ్గరికొస్తున్నయా?" అని పిల్లలకు వినబడకుండా అడిగింది.

"పన్నెండు వారాల్ల ఐదున్నర. ముందుగాల మెల్లగ, ఇప్పుడు జోరుగ. సర్దారును పిలువు. పిల్లలను వంటగదిల కూసోపెట్టు."

"ఏమని చెప్పాలె పిల్లలకు?"

"గింజలతోని ఏదన్న పాఠం చెప్పు. 960 ఉన్నయ్. తిరిగి 960 రావాలె."

13వ వారం, మంగళవారం

సర్దారు దుర్గం పోశం వచ్చాడు. సొరంగాల కప్పులూ గోడలూ చూసే పని ఆయనది. యాభై ఏళ్లు ఉంటాయి. ముందు కన్ను వంక చూశాడు.

"పచ్చగున్నది గదవ్వా."

"అది దేంతోని పోల్చి చూస్తది?"

"పొద్దున్నటి కొలతతోని. ఇయ్యాల పొద్దుగాల ఎంతున్నదో, అక్కడికెల్లి ఎంత కదిలిందో."

"నిన్నటిది?"

"నిన్నటిది ఉంచుకోదు. పొద్దుగాల మల్ల సున్న నుంచి మొదలు వెడ్తది. ఇయ్యాల ఒక్క మిల్లీమీటరు కదిలింది. రెండు దాటితేనే ఎర్రగైతది. ఒకటంటే ఏం లెక్కలోనిది కాదు."

"దినాం ఒకటి కదిలితే వారానికెంత?"

పోశం కన్ను మీంచి చూపు దించాడు. బల్ల దగ్గర వంగి కొసలు చూశాడు. కర్రతో కప్పును నాలుగు చోట్ల కొట్టి చెవి పెట్టాడు. తాడు పట్టి తానే కొలిచాడు. 430½ వచ్చింది.

"రేకు మీద తప్పు చెక్కిన్రేమో," అన్నాడు. "అరవై ఏండ్ల కింద ఎవరు కొలిచిన్రో ఏమో. మొదటి సంది నాలుగు ముప్పయ్యే కావచ్చు. ఒక్క పేరు తప్పని సొరంగం మూసెయ్యలేం. ఈడ మూస్తే ఈ పిల్లలకు వేరే జాగ లేదు. చేతి పాఠం ఆడికే ఖతం. కదులుతున్నదని దస్త్రంల మూడు వారాల కొలత ఉండాలె. నీ దగ్గరున్నదా?"

దస్త్రం ఇచ్చాను. ఆయన పుటలు తిప్పాడు.

"గిదేంది? అన్నీ నాలుగు ముప్పయ్యారే ఉన్నయ్. నీ దస్త్రమే ఏం కదల్లేదంటున్నది."

"ఎర్రగీత కింద చదువు."

చదివాడు. 435. 434½. 434. 433½. వేలు పెట్టి ఒక్కొక్కటీ కిందికి దిగాడు. చాలాసేపు పట్టింది.

"ఈ గీతలెవరు కొట్టిన్రు?"

"నేను."

"ఎందుకు?"

"గది పేరు 436 కాబట్టి."

ఆయన నవ్వలేదు. "అవ్వా, ఏడో వారం సంది కొట్టేసిన కొలత ఒక్క జట్టుదే ఉన్నది, చివరికి ఆ జట్టుల ఒక్క పిల్లనే. ఎవరి పిల్ల?"

"నా కొడుకు బిడ్డ."

"పై సర్దార్లు ఏమంటరు? నాయినమ్మ, మనుమరాలు కలిసి గది మూయిస్తున్రంటరు."

"కలిసుంటే గీతలెందుకు కొడుత పోశం?"

అది ఆయనకు తట్టినట్టుంది. అయినా ఆ పిల్ల నోటితో వినాలన్నాడు. కిన్నెరను పిలిపించాను. దస్త్రం మూసి తన చేతిలోనే పెట్టుకుని, ఏడో వారం నుంచి ఏ వారం ఎంత వచ్చిందో చెప్పమని అడిగాడు. పిల్ల నా వైపు చూసింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఏడో వారం నాలుగు ముప్పై నాలుగు. ఎనిమిదిల ముప్పై మూడున్నర. తొమ్మిదిల ముప్పై మూడు. పదిల ముప్పై రెండున్నర. పదకొండుల ముప్పై రెండు. అప్పుడు జావతోని అంటవెట్టిన. పన్నెండుల ముప్పై ఒకటిన్నర."

"అన్ని ఎట్ల యాదికున్నయ్ బిడ్డా?"

"ప్రతిసారి మట్టి ఇయ్యలే గదా. యాదికుండయా?"

పోశం దస్త్రం తెరిచి సరిచూశాడు. ఆరుకు ఆరూ సరిపోయాయి. గది మూయాలని పైకి పంపే అర్జీ కాగితం తీసి బల్ల మీద పెట్టి నాతో మెల్లగా అన్నాడు.

"ఇది అర్జీల రాయాలంటే, కొలత మార్చింది నువ్వని నువ్వే సంతకం వెట్టాలె. పెడితే దస్త్రం నీ చేతిల ఉండది. మల్ల ఏ దస్త్రం ఇయ్యరు. తెలుసు గదా?"

"నియమం నాకు చెప్తున్నవా? రాయి."

ఆయన రాశాడు. 'సరైన కొలతలను తప్పుగా దిద్దినట్లు' అని రాయడానికి బదులు 'పొరపాటున దిద్దినట్లు' అని రాశాడు. 'పొరపాటున' మీద గీత కొట్టించి, 'తెలిసి, ఆరు వారాలకు పైగా' అని వేయించాను. మొదటి రోజు జట్టు కొలతకు కొట్టిన గీత మాత్రం సరైనదేనని కూడా రాయించాను. అది నిజంగా ముడి రెండుసార్లు లెక్కపెట్టిన తప్పు. సంతకం చేశాను.

13వ వారం, బుధవారం

436 మూసివేతకు ఉత్తర్వు వచ్చింది. ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు వరకు సరుకు తరలించాం. మట్టి 11 కిలోల 150 గ్రాములు. చింతగింజలు 958. కత్తెరలు 6. తాళ్లు 6. డబ్బా 1. పొడుగు బల్ల రాలేదు, అక్కడే వదిలేశాం. కోసి తేవచ్చని ఒకరన్నారు. పోశం కోయనివ్వలేదు. గోడల మధ్య ఇప్పుడు అదీ ఒక ఊతమే అన్నాడు.

పిల్లలకు గిడ్డంగి పక్కన ధాన్యం ఆరబోసే అరుగు ఇచ్చారు. నెల రోజులకు మాత్రమే. ఆ తరువాత చేతి పాఠం ఉంటుందో లేదో కౌన్సిల్ చూస్తుంది. చుట్టూ మూటలు మోసేవాళ్లు. టీచర్ గొంతు వాళ్ల కేకల్లో వినబడదు.

కిన్నెరతో బడి వేళలోనే మాట్లాడాను, అందరి ముందు. నీ కొలతలు సరైనవి, నా గీతలు తప్పు, నీ మార్కులు నీకు వేస్తాను అన్నాను.

"మార్కులొద్దు మేడం," అంది. "ఆరు వారాల మట్టి గావాలె."

ఇచ్చాను. ఒక్క రోజే, మధ్యాహ్నం అంతా, మొత్తం 11 కిలోలూ దాని ముందు పెట్టాను. మిగతా ఇరవై మూడు మంది చుట్టూ నిలబడి అడుక్కున్నారు. కిన్నెర గంటసేపు ఎవరికీ ఇవ్వలేదు. తరువాత అందరికీ పంచింది, అఫ్రోజ్‌కు చివర.

ఈ దస్త్రంలో నాకు ఇది చివరి పుట. రేపటి నుంచి వేరొకరు రాస్తారు.

15వ వారం, మంగళవారం

ఇది బడి దస్త్రం కాదు. నా సొంత పుస్తకం. తేదీలు మాత్రం అవే వాడుతున్నాను.

436 ఈ రోజు ఉదయం 10 గంటల 40 నిమిషాలకు కూలింది. కిటికీ లేని ఇంట్లో తలుపు వేసినట్టు ఒక్క శబ్దం, తరువాత గాలి. 385లో మా గోడ మీది గిన్నెలు రెండు కింద పడ్డాయి. పోశం వచ్చి చెప్పాడు. కప్పు మొత్తం దిగింది. రెండు గోడలూ మధ్యలో కలిశాయి. బల్ల ఉన్న వైపు మాత్రం మూరెడు సందు మిగిలిందట. కన్ను సోమవారం మధ్యాహ్నం ఎర్రబడిందట. దాన్ని చూసి టిక్కు పెట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

ఇప్పుడు అన్ని సొరంగాల్లోనూ తాడు కొలత పెట్టాలని పోశం పై సర్దార్లకు రాశాడు. ఎవరు కొలవాలని అడిగితే మూడో తరగతి పిల్లలని రాశాడట. చేతి పాఠం ఆపరాదన్న మాట కూడా అందులో ఉందని చెప్పాడు. వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు.

మధ్యాహ్నం కిన్నెర బడి నుంచి వచ్చింది. సగం జొన్నరొట్టె తింది. తరువాత అడిగింది.

"నాయినమ్మా, నేను గూడ నాలుగు ముప్పయ్యారనే రాసుంటే?"

"అందరూ అట్లనే రాసుంటే ఏడో వారం సంది నేను గీతలు కొట్టకపోదును. గీతలు లేకుంటే పోశం నమ్మకపోవును. గది మూయకపోదురు."

"అప్పుడు?"

అంకెల విషయంలో పిల్లలకు అబద్ధం చెప్పడం నాకు తెలియదు.

"ఇయ్యాల పది నలభైకి ఆ గదిల మీకు లెక్కల గంట. ఇరవై నాలుగు మంది."

పిల్ల రొట్టె పక్కన పెట్టింది. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. పేర్లు చెప్పుకుంటోంది. ఒక చేయి అయింది, రెండో చేయి అయింది, మళ్లీ మొదలుపెట్టింది.

"తప్పు," అంది చివరికి. "ఇరవై ఆరు. టీచర్ను మర్చిపోయినవ్. నిన్ను గూడ."

మళ్లీ లెక్కపెట్టాను. దాని అంకె సరైనది. పైన నేను రాసిన ఇరవై నాలుగు తప్పు. సరైనది ఇరవై ఆరు.